రౌండ్స్ అయ్యాక చెప్పే పాఠం

1892లో పారిస్ వైద్య కళాశాలకు అధ్యాపకులను ఎంచే పోటీ పరీక్షలో జోసెఫ్ బాబిన్‌స్కీ నెగ్గలేకపోయాడు. నాలుగేళ్ల తర్వాత, పేజీ కూడా నిండని ఒక నివేదికలో, అరికాలిని గీస్తే బొటనవేలు పైకి లేవడం దేనికి గుర్తో చెప్పినవాడు ఈయనే. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే దారిలో దెబ్బ ఉందో లేదో తేల్చడానికి ఈనాటికీ ప్రతి వైద్య విద్యార్థీ ఆ గుర్తు మీదే ఆధారపడతాడు. 1892 పరీక్షా సంఘానికి అధ్యక్షుడు షార్ల్ బుషార్. అతను ఒకప్పుడు జాన్ మార్తాన్ షార్కో శిష్యుడే, కానీ అప్పటికి గురువుతో చెడింది. ఆ వైరానికి షార్కో ఇష్టశిష్యుడైన బాబిన్‌స్కీ బలయ్యాడని చరిత్రకారులు చాలామంది అంటారు. ఆ రాజకీయం ఎలా ఉన్నా, ఆ పరీక్ష ఏం కొలిచేదో చూడాలి. తక్కువ వ్యవధిలో సిద్ధమై, సంఘం ముందు నిలబడి, అనర్గళంగా ఉపన్యాసం ఇవ్వగలడా లేడా అన్నది అందులో పెద్ద భాగం. మంచం పక్కన ఒక కుర్రాడి చేతిలో సుత్తి పెట్టి, ఎక్కడ కొట్టాలో, కొడితే ఏం చూడాలో నేర్పగలడా అన్నది ఆ పరీక్షకు పట్టలేదు. బాబిన్‌స్కీ మళ్లీ ఆ పోటీ జోలికి పోలేదు. 1895 నుంచి 1922 వరకు పిటియే ఆసుపత్రిలో, విశ్వవిద్యాలయ పీఠం లేకుండానే, దేశదేశాల వైద్యులకు నరాల పరీక్ష నేర్పాడు.

న్యూరాలజీ చరిత్రను మనం మహా ప్రొఫెసర్ల చరిత్రగా చదువుకుంటాం. షార్కో, గవర్స్, హ్యూలింగ్స్ జాక్సన్, గోర్డన్ హోమ్స్ పేర్లు జబ్బులకీ గుర్తులకీ అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆ వరుస సహజంగానే తోస్తుంది. కానీ ఆ శాస్త్రం ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా అందిందని అడిగితే జవాబు వేరే చోట దొరుకుతుంది. దాన్ని అందించింది ఎక్కువగా వార్డులో రాత్రీ పగలూ ఉండే చిన్న డాక్టర్లు: ఫ్రాన్సులో ఇంటర్న్, షెఫ్ ద క్లినిక్, ఇంగ్లండులో రిజిస్ట్రార్, హౌస్ ఫిజీషియన్, అమెరికాలో రెసిడెంట్, మన దగ్గర పీజీ, సీనియర్ రెసిడెంట్. అంటే రెసిడెంటును బోధకుడిగా తయారుచేయాలన్న నేటి మాట పడమటి నుంచి కొత్తగా దిగుమతైన ముచ్చట కాదు. నూట యాభై ఏళ్లుగా వాళ్లచేత చేయిస్తూ, వాళ్లకు ఎన్నడూ నేర్పని పనిని ఇప్పటికైనా నేర్పమనడమే అది. నేర్పకపోవడం వల్ల కలిగిన నష్టం కూడా ఈ చరిత్రలోనే, కాస్త వెతికితే, కనబడుతుంది.

పారిస్ ఆసుపత్రుల ఇంటర్న్ పదవి 1802లో మొదలైంది. పోటీ పరీక్ష రాసి నెగ్గినవాళ్లు ఆసుపత్రిలో ఉంటూ కొన్నేళ్లు పనిచేసేవారు. షార్కో 1862లో సాల్పెత్రియేర్‌లో వైద్యుడిగా చేరేసరికి అది దాదాపు ఐదువేల మంది ఆడవాళ్లు, అందులో ఎక్కువమంది ముసలివాళ్లు, దిక్కులేనివాళ్లు ఉండే ఒక చిన్న పట్టణం. అంతమందిని పరీక్షించి, వర్గాలుగా విడదీసి, ఏళ్ల తరబడి వెంటాడి, చనిపోయాక మెదడునూ వెన్నుపామునూ తెరిచి చూడటం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆ పని ఎలా నడిచేదో షార్కో జీవితచరిత్ర రాసిన జార్జ్ గియాఁ వర్ణించాడు. గురువుగారి గదిలోకి రోగిని తెచ్చి కూర్చోబెట్టేవారు. ఇంటర్న్ కేసు చదివి వినిపించేవాడు. షార్కో చాలాసేపు మాట్లాడకుండా చూసేవాడు, వేళ్లతో బల్ల మీద తట్టేవాడు, ఒక కదలిక చేయమనేవాడు, ఒక రిఫ్లెక్స్ చూడమనేవాడు, మళ్లీ మౌనం. ఆ గదిలో మాట్లాడింది ఎక్కువగా శిష్యుడే. అతని వర్ణన ఎంత కచ్చితంగా ఉంటే గురువు చూపు అంత కచ్చితంగా పడుతుంది. కేసు చెప్పడమనే ఈ పద్ధతిని మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ మార్పు లేకుండా నడుపుతున్నాం. చెప్పేవాడు నేర్చుకుంటాడు, నిజమే. అయితే చెప్పడం ఎలాగో అతనికి ఎవరు నేర్పారు? పై ఏడాది ఇంటర్న్. అతనికి? అంతకు పై ఏడాదివాడు.

సాల్పెత్రియేర్‌లో శుక్రవారం పాఠాలు సిద్ధం చేసుకుని ఇచ్చే ఉపన్యాసాలు. మంగళవారం పాఠాలు అలా కాదు. ఆ పూట అవుట్ పేషెంట్‌కు వచ్చినవాళ్లలోంచి సహాయకులు కొందరిని ఏరి లోపలికి పంపితే, షార్కో అందరి ముందు వాళ్లతో మాట్లాడుతూ, తన ఆలోచనను పైకి చెబుతూ, నిర్ణయానికి వచ్చేవాడు. 1887 నుంచి 1889 వరకు జరిగిన ఆ పాఠాలు పుస్తకంగా మిగలడానికి కారణం శిష్యులు రాసుకున్న నోట్సే. అంతకుముందు ఉపన్యాసాలను అచ్చులోకి తెచ్చిన బూర్నవిల్ కూడా శిష్యుడే. షార్కో బొమ్మలు గీసేవాడు, ప్రొజెక్టర్ వాడేవాడు, రకరకాల వణుకుల మధ్య తేడా వెనక వరుసలవాళ్లకూ కనబడాలని రోగుల టోపీలకు పొడవాటి ఈకలు పెట్టించాడని చెబుతారు. బోధన మీద అంత మనసు పెట్టిన మనిషి తన కింద బోధించేవాళ్లను మాత్రం గాలికి వదిలేశాడు. దాని ఫలితం హిస్టీరియా వ్యవహారంలో తేలింది. గియాఁ రాసిన ప్రకారం షార్కో స్వయంగా ఎవరినీ హిప్నటైజ్ చేయలేదు. రోగులను సిద్ధం చేసింది, ప్రదర్శనలకు తగ్గట్టు మలిచింది ఇంటర్న్‌లు, షెఫ్ ద క్లినిక్‌లు. గురువుకు ఏం చూపిస్తే సంతోషిస్తాడో వాళ్లకు తెలుసు. అది చూపించారు. మూడు దశల హిప్నాటిజం అన్న సిద్ధాంతం అలా నిలబడింది, గురువు పోగానే కూలింది. వార్డులో పాఠం తయారుచేసేది చిన్న డాక్టరే అయినప్పుడు, ప్రశ్నించడం, సరిచూసుకోవడం అతనికి నేర్పకపోతే ఆ లోపం కింది విద్యార్థుల దగ్గర ఆగదు, పైకి పాకి శాస్త్రాన్నే పట్టుకుంటుందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు. ఆ తప్పును దిద్దడానికి పూనుకున్నదీ ఒకప్పటి షెఫ్ ద క్లినిక్కే. బాబిన్‌స్కీ అరికాలి గుర్తు విలువ అంతా అక్కడే ఉంది. అసలైన పక్షవాతానికీ హిస్టీరియా పక్షవాతానికీ, రోగి మాట మీదా వైద్యుడి ఆశ మీదా ఆధారపడకుండా, తేడా చెప్పే పరీక్ష అది. 1901లో అతను హిస్టీరియా నిర్వచనాన్నే మార్చి రాశాడు.

లండన్ కథ ఇంత రంగస్థలం మీద నడవలేదు. క్వీన్ స్క్వేర్‌లో 1860లో తలుపులు తెరిచిన పక్షవాత, మూర్ఛ రోగుల జాతీయ ఆసుపత్రికి విలియం గవర్స్ 1870లో మెడికల్ రిజిస్ట్రార్‌గా వచ్చాడు. కేసు రికార్డు రాయించడం, సరిచూడటం రిజిస్ట్రార్ పని. గవర్స్‌కు షార్ట్‌హ్యాండ్ పిచ్చి. రోగి మాట జారిపోకుండా పట్టాలంటే అదొక్కటే దారి అని నమ్మి, 1894లో షార్ట్‌హ్యాండ్ రాసే డాక్టర్ల కోసం ఒక సంఘాన్నే పెట్టించాడు. 1886, 1888 సంవత్సరాల్లో వచ్చిన అతని రెండు సంపుటాల గ్రంథం ఒక తరానికి న్యూరాలజీ వేదమైంది. దాని వెనక ఉన్నది ఆ పదవిలో ఉన్నప్పటి నుంచి పోగుపడిన కేసు షీట్లు. తర్వాతి తరంలో గోర్డన్ హోమ్స్ అదే ఆసుపత్రిలో రెసిడెంటుగా మొదలుపెట్టి, నరాల పరీక్షకు మనం నేడు వాడే క్రమాన్ని చాలావరకు స్థిరపరిచాడు. హోమ్స్ దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎన్నో కామన్వెల్త్ దేశాలకు వెళ్లారు. అక్కడా అంతే: ఏది చూడాలో హోమ్స్ నేర్పాడు. చూసింది ఇంకొకరికి ఎలా చెప్పాలన్నది గురువును చూసి పట్టుకోవాల్సిందే, పట్టుకోలేనివాడు గురువు కోపాన్ని పట్టుకునేవాడు.

ఈ పద్ధతికి పేరూ నిర్మాణమూ వచ్చింది బాల్టిమోర్‌లో. 1889లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి మొదలైనప్పుడు విలియం ఆస్లర్, విలియం హాల్‌స్టెడ్ జర్మన్ ఆసుపత్రుల సహాయకుల పద్ధతిని తెచ్చి రెసిడెన్సీగా మార్చారు. ఆసుపత్రిలోనే నివాసం, పెళ్లి మాట లేదు, శిక్షణ ఎన్నేళ్లకు ముగుస్తుందో గురువుకే తెలియాలి. 1893లో కళాశాల మొదలయ్యాక ఆస్లర్ విద్యార్థులను లెక్చర్ హాలు నుంచి వార్డులోకి తెచ్చాడు. తన సమాధి మీద ఇంకేమీ రాయనక్కర్లేదు, వార్డులో విద్యార్థులకు పాఠం చెప్పానని రాస్తే చాలన్నంతగా దాన్ని చూసి గర్వపడ్డాడు. ఆస్లర్ గొప్పతనాన్ని తగ్గించనక్కర్లేదు, కానీ ప్రొఫెసర్ రౌండ్ పొద్దున కొన్ని గంటలు. మిగతా పగలూ రాత్రీ ఆ విద్యార్థులు రెసిడెంట్ల చేతుల్లోనే ఉన్నారు. 1910 ఫ్లెక్స్‌నర్ నివేదిక అమెరికా వైద్య విద్యను ఊడ్చి కడిగినప్పుడు దాని చూపు లాబొరేటరీల మీద, పూర్తికాలపు ప్రొఫెసర్ల మీద నిలిచింది. 1934లో న్యూరాలజీకీ సైకియాట్రీకీ కలిపి ఒక బోర్డు ఏర్పడి, ఎవరు న్యూరాలజిస్టో పరీక్ష పెట్టి తేల్చడం మొదలుపెట్టింది. ఎవరు బోధించగలరో తేల్చాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు.

వైద్య అధ్యాపకులకు కూడా శిక్షణ కావాలన్న ఆలోచన 1950లలో జార్జ్ మిల్లర్ బఫెలో విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం వాళ్లతో కలిసి పనిచేసినప్పుడు రూపు దిద్దుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అందుకుంది. 1970లలో శ్రీలంకలోని పెరదెణియలో ఒక ప్రాంతీయ కేంద్రం, మన పుదుచ్చేరి జిప్మర్‌లో జాతీయ అధ్యాపక శిక్షణ కేంద్రం వచ్చాయి. ఈ ఉద్యమమంతా ప్రొఫెసర్ల కోసం నడిచింది. సరిగ్గా అప్పుడే, 1970లో, అమెరికాలో వెలువడిన ఒక సర్వే రెసిడెంట్లు తమ సమయంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు వరకు ఇతరులకు నేర్పడంలోనే గడుపుతున్నారని లెక్క చెప్పింది. బోధన ఎవరు చేస్తున్నారో తెలిశాక కూడా శిక్షణ ఇంకొకరికి ఇచ్చారు. విద్యార్థులకు నేర్పే రెసిడెంట్లను ఆ పనికి సిద్ధం చేయడం కళాశాల బాధ్యతేనని అక్కడి గుర్తింపు సంస్థలు నిబంధనల్లో చేర్చడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా 1994లో రాల్ఫ్ జోజెఫోవిచ్ న్యూరాలజీ అంటే వైద్య విద్యార్థులకు ఉండే భయానికి న్యూరోఫోబియా అని పేరు పెట్టాడు. ఇద్దరిలో ఒకరికి దగ్గరగా ఎప్పుడో ఒకప్పుడు ఆ భయం పడుతుందని, మొదటి ఏళ్లలో చదివిన నాడీ నిర్మాణశాస్త్రాన్ని మంచం మీదున్న మనిషికి అన్వయించలేకపోవడం దానికి మూలమని అన్నాడు. 2002లో లండన్ నుంచి వచ్చిన ఒక సర్వేలో విద్యార్థులూ చిన్న డాక్టర్లూ అన్ని విభాగాల్లోకీ న్యూరాలజీయే కష్టమన్నారు. కారణాల్లో బోధన బాగోలేదన్నదీ ఉంది.

గుండె, ఊపిరితిత్తుల పాఠాలకు లేని ఈ బెడద న్యూరాలజీకే ఎందుకు? ఇక్కడ రోగనిర్ణయం రెండు ప్రశ్నల మీద నడుస్తుంది: దెబ్బ ఎక్కడ, ఎందువల్ల. జబ్బు ఎంత వేగంతో వచ్చిందన్నది రెండో ప్రశ్నకు జవాబు సూచిస్తుంది. నిమిషాల్లో వస్తే రక్తనాళం, వారాల మీద పెరిగితే గడ్డో ఇన్‌ఫెక్షనో. మొదటి ప్రశ్నకు పరీక్షే దిక్కు. రెండు కాళ్లూ చచ్చుబడిన మనిషిలో కండరాలు బిగిశాయా సడలాయా, రిఫ్లెక్సులు పెరిగాయా పోయాయా, స్పర్శ ఏ ఎత్తు నుంచి తగ్గింది, మూత్రం మీద పట్టు ఉందా అని ఒక్కొక్కటే పోగుచేసి, వెన్నుపామా నరమా కండరమా అని దారులు మూసుకుంటూ రావాలి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ప్రొఫెసర్‌కు ఇదంతా గుమ్మంలో రోగి నడక చూడగానే తెలిసిపోతుంది. ఆయన జవాబు చెప్పేస్తాడు, విద్యార్థికి అది ఇంద్రజాలంలా ఉంటుంది. ఆయన ఎక్కి వచ్చిన మెట్లు ఆయనకే గుర్తుండవు. రెండేళ్ల కిందటే ఆ మెట్లెక్కిన రెసిడెంటుకు ఏ మెట్టు దగ్గర కాలు జారిందో ఇంకా గుర్తుంటుంది. ప్రొఫెసర్ కంటే అతనికి ఉన్న మేలు ఇదొక్కటే, కానీ చిన్నది కాదు. ఈ మేలు దానంతట అది పాఠంగా మారదు. శిక్షణ లేని రెసిడెంట్ చేసేవి సాధారణంగా రెండు: తాను పరీక్షకు బట్టీపట్టిన కారణాల జాబితాను అప్పజెప్పడం, లేదా తననెలా నిలదీశారో అలాగే జూనియర్‌ను పదిమంది ముందు నిలదీయడం. మొదటిదాంతో ఆలోచన పుట్టదు, రెండోదాంతో భయం పుడుతుంది.

మన దేశానికి ఈ శాస్త్రం ఆలస్యంగా, ఒకరిద్దరి చేతుల మీదుగా వచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర నేర్చుకున్న జాకబ్ చాందీ 1949లో వెల్లూరులో విభాగం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు బి. రామమూర్తి మద్రాసులో న్యూరోసర్జరీ మొదలుపెట్టాడు. 1951లో వీళ్లిద్దరూ, ఎస్.టి. నరసింహన్, బల్‌దేవ్ సింగ్ కలిసి నాడీవైద్యుల జాతీయ సంఘాన్ని స్థాపించినప్పుడు వ్యవస్థాపకులు నలుగురే. అంత తక్కువమంది ఉన్నప్పుడు వాళ్ల దగ్గర తయారైన ప్రతి రెసిడెంటూ ఇంకో ఊళ్లో ఇంకో విభాగానికి మొదటి గురువు కాక తప్పదు. అందుకని మన న్యూరాలజీ నిజానికి రెసిడెంట్లు నాటిన తోట. ఆ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్, మన హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ వంటివి డీఎం అనే సూపర్ స్పెషాలిటీ కోర్సులతో పెరిగాయి. పెరిగినా జిల్లాల్లో నరాల డాక్టరు దొరకడం ఇప్పటికీ కష్టమే. ఫిట్స్, పక్షవాతం, మెదడువాపు ముందుగా చూసేది ఎంబీబీఎస్ డాక్టరు, మహా అయితే జనరల్ మెడిసిన్ ఎండీ. ఎంబీబీఎస్‌లో న్యూరాలజీ జనరల్ మెడిసిన్‌లో ఒక భాగం, పోస్టింగ్ కొద్దిరోజులే. ఆ కొద్దిరోజుల్లో ఆ విద్యార్థికి హ్యామర్ పట్టుకోవడం నేర్పేది రెసిడెంటే. ఫైనలియర్ ప్రాక్టికల్స్ ముందు రాత్రిపూట హెమిప్లీజియా, పారాప్లీజియా లాంగ్ కేసులు చెప్పించుకుని దిద్దేది కూడా పీజీలే. ఆ క్లాసులకు టైమ్‌టేబుల్‌లో చోటు లేదు.

భారత వైద్య మండలి 2000 నాటి పీజీ నిబంధనల్లో పోస్ట్‌గ్రాడ్యుయేట్లు ఎంబీబీఎస్ విద్యార్థులకూ ఇంటర్న్‌లకూ బోధించడంలో పాల్గొనాలని స్పష్టంగా ఉంది. అందుకు వాళ్లను ఎలా సిద్ధం చేయాలన్న వివరం లేదు. దాదాపు పదేళ్ల తర్వాత మండలి అధ్యాపకులకు వర్క్‌షాపులు తప్పనిసరి చేసింది. జాతీయ వైద్య కమిషన్ 2022 నియమాలు బోధనాపద్ధతుల ప్రాథమిక కోర్సును అసోసియేట్ ప్రొఫెసర్ హోదాకు షరతుగా పెట్టాయి. వరుస చూడండి: ఎండీలో మూడేళ్లు, డీఎంలో మూడేళ్లు బోధిస్తాడు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఇంకొన్నేళ్లు బోధిస్తాడు, ప్రమోషన్ గుమ్మం దగ్గర బోధించడం నేర్చుకుంటాడు. అప్పటికి అతని అలవాట్లు రాతి మీద చెక్కినట్టే.

ఇక్కడ మన నేల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే రెసిడెంట్ బోధన విలువ పరాయి పాఠ్యపుస్తకాల్లో లేని జబ్బుల దగ్గరే బాగా తెలుస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో, ముఖ్యంగా నెల్లూరు ప్రాంతంలో, ఫ్లోరోసిస్ ఉందని షార్ట్ బృందం 1937లో ప్రచురించింది. నల్గొండ జిల్లా సంగతి 1955లో సిద్దిఖీ రాశాడు. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో ఎముక పెరిగి వెన్నుపామునూ నరాల మూలాలనూ నొక్కుతుంది, కాళ్లు బిగుసుకుపోతాయి. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ నాడీ సమస్యలను దశాబ్దాల పాటు అధ్యయనం చేసి రాశారు. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో అచ్చయిన పుస్తకం స్పాస్టిక్ పారాపరేసిస్ కారణాల్లో ఫ్లోరోసిస్‌ను ఏ చివరో పెడుతుంది. రోగి ఊరేదో, తాగే నీళ్లేవో ముందు అడగమని హౌస్ సర్జన్‌కు చెప్పేది వార్డులో సీనియరే. పురుగుల మందు తాగి బతికినవాళ్ల కథా అంతే. మొదటి ఒకటిరెండు రోజులు గట్టెక్కి, వార్డుకు మార్చాక, తల ఎత్తలేకపోవడంతో మొదలై ఊపిరి తీసే కండరాలు చచ్చుబడే స్థితి ఉందని 1987లో శ్రీలంక వైద్యులు సేనానాయకే, కరల్లియెద్దె వర్ణించారు. మెడ ఎత్తమని రోజూ అడిగి చూడటం అన్నది ఖర్చులేని పరీక్ష. గిలాన్ బారే జబ్బులో ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడో చూడటమూ అంతే. రాత్రి రెండింటికి వార్డులో ఉండే హౌస్ సర్జన్‌కు ఇవి ఎందుకో తెలిసి, చేతకావాలి. ప్రొఫెసర్ స్లైడ్లలో అవి ఉన్నా, ఆ పిల్లవాడి చేత మంచం దగ్గర చేయించి, తప్పు దిద్దేంత తీరిక ఉన్నది, లేదా ఆ తీరిక చిక్కించుకోవాల్సింది, రెసిడెంటే.

ఎమ్మారై వచ్చాక సుత్తి పాఠాలెందుకన్నది తరచూ వినే అభ్యంతరం. 1971లో లండన్‌లో తొలిసారి సీటీ తీసినప్పటి నుంచీ ఈ మాట ఉంది. స్కాన్ ఎక్కడ తీయాలో చెప్పేది ఇంకా పరీక్షే. నడుము నొప్పి అనగానే నడుముకు ఎమ్మారై తీసి, ఛాతీ మట్టంలో నొక్కుకుపోయిన వెన్నుపామును వదిలేయడం అరుదేమీ కాదు. తెల్లవారుజామున కనురెప్పలు వాలిపోయి వచ్చిన రైతు మెదడు స్కాన్ మామూలుగానే ఉంటుంది, కరిచింది కట్లపాము. పైన చెప్పిన గిలాన్ బారే, పురుగుల మందు కేసుల్లో ప్రాణం కాపాడేది బొమ్మ కాదు. స్కాన్ వచ్చాక పరీక్ష పాఠం తేలికపడలేదు. తప్పు బయటపడే దాకా దాన్ని వాయిదా వేసే వీలు మాత్రం కలిగింది.

బోధన పుట్టుకతో రావాలి, వర్క్‌షాపుతో రాదన్నది రెండో అభ్యంతరం, ఇందులో కొంత నిజముంది. షార్కో పాఠంలోని ఆకర్షణను ఎవరికీ అంటగట్టలేం. కానీ వార్డు పాఠానికి ఆకర్షణ కంటే క్రమం ముఖ్యం. 1992లో అమెరికా ఫ్యామిలీ మెడిసిన్ వైద్యులు నెహర్, సహచరులు ప్రతిపాదించిన పద్ధతిని చూస్తే ఇది తెలుస్తుంది. విద్యార్థి కేసు చెప్పాక ముందు అతని చేత ఒక అభిప్రాయం చెప్పించాలి. ఎందుకలా అనుకున్నావని అడగాలి. ఆ కేసు నుంచి వేరే కేసులకూ పనికొచ్చే ఒక్క సూత్రం చెప్పాలి. సరిగా చేసింది ఏదో పేరుపెట్టి చెప్పి, తప్పేదో దిద్దాలి. కాళ్లు చచ్చుబడిన రోగి దగ్గర దెబ్బ ఎక్కడ ఉందంటావ్ అని మొదట అడగడానికీ, కారణాలన్నీ తానే ఏకరువు పెట్టడానికీ ఉన్న దూరం ఇంతే, కానీ విద్యార్థి బుర్రలో జరిగేది పూర్తిగా వేరు. ఇలాంటి శిక్షణ పొందిన రెసిడెంట్ల బోధన మెరుగైందని 2001లో వచ్చిన ఒక యాదృచ్ఛిక ప్రయోగం చూపింది. అయితే ఈ రంగంలో చాలా అధ్యయనాలు రెసిడెంట్ల ఆత్మవిశ్వాసాన్నీ విద్యార్థులు ఇచ్చే మార్కులనూ కొలుస్తాయి, విద్యార్థి నిజంగా ఎంత నేర్చాడో, రోగికి ఎంత మేలు జరిగిందో కొలిచినవి తక్కువ. అందుచేత శిక్షణ చాలునని అనను. శిక్షణ లేకపోవడం చాలునని అనడానికి మాత్రం అంత పాటి ఆధారం కూడా లేదు.

తీరికేదీ అన్నవాళ్లది అసలు బాధ. ఒక్క రెసిడెంట్ అవుట్ పేషెంట్, ఎమర్జెన్సీ, స్ట్రోక్ కాల్స్, థీసిస్ అన్నీ మోస్తున్నచోట ఇంకో బరువు పెట్టమనడం దయలేని పనిలా ఉంటుంది. అతను ఇప్పటికే బోధిస్తున్నాడు కదా. ఆ పది నిమిషాలు ఎలాగూ ఖర్చవుతున్నాయి, అవి పనికొచ్చేలా ఖర్చు కావాలన్నదే ఇక్కడ అడుగుతున్నది. మూడు రోజుల వర్క్‌షాపు, సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో అన్న తంతుగా ఇది మారిపోతుందన్న భయం మటుకు సమంజసం, అధ్యాపకుల కోర్సుల్లో ఎన్నో చోట్ల అదే జరిగింది. దానికి విరుగుడు ఒక సీనియర్ అధ్యాపకుడు నెలకొకసారి రెసిడెంట్ పాఠం చెబుతుంటే పక్కన నిలబడి చూసి, తర్వాత ఇద్దరే కూర్చుని మాట్లాడుకోవడం. దీనికి హాలు, బ్యానరు అక్కర్లేదు.

డీఎం అయ్యాక చాలామంది కార్పొరేట్ ఆసుపత్రులకు పోతారు, వాళ్లకెందుకీ బోధన అన్నది మరో వాదన. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో జాతీయ బోర్డు కోర్సుల ట్రైనీలు ఉన్నారు, వాళ్లకు గురువులు ఆ డాక్టర్లే. అంతకన్నా ముందు, మూర్ఛ మందు మధ్యలో ఎందుకు ఆపకూడదో ఒక తల్లికి అర్థమయ్యేలా చెప్పడానికీ, విద్యార్థికి స్పర్శ మట్టం చెప్పడానికీ కావాల్సిన నేర్పు ఒకటే: ఎదుటివాడికి ఇప్పటికి ఏం తెలుసో కనుక్కుని అక్కడి నుంచి మొదలుపెట్టడం.

ఇదంతా ఎక్కడ నిలబడుతుందంటే, పరీక్ష దగ్గర. డీఎం న్యూరాలజీలో నాలుగు థియరీ పేపర్లు, లాంగ్ కేసు, షార్ట్ కేసులు, వైవా. లాగ్‌బుక్‌లో సెమినార్లు, జర్నల్ క్లబ్బులు, చేసిన ప్రొసీజర్లు నమోదవుతాయి. మన రెసిడెంట్లు పరీక్షలో ఉన్నదే చదువుతారు, వాళ్లను తప్పుపట్టలేం. లాంగ్ కేసు ముగిశాక ఇద్దరు ఎంబీబీఎస్ విద్యార్థులను పిలిచి, అదే రోగి దగ్గర వాళ్లకు పావుగంట పాఠం చెప్పమని అభ్యర్థిని అడిగితే పరీక్షకు అదనంగా పట్టేది ఆ పావుగంటే. కాలిని ఎలా పట్టుకోవాలో మాటల్లో చెబుతాడా, విద్యార్థి చేత చేయిస్తాడా, తప్పు చేస్తే ఏమంటాడు, రోగి ఎదురుగా ఉన్నాడని గుర్తుంచుకుంటాడా అన్నవి పరీక్షకులు కూర్చున్నచోటి నుంచే చూడొచ్చు.